అరెకిపా: నిప్పుకొండల నీడలో తెల్లరాతి నగరం

అరెకిపా పెరూ దేశపు దక్షిణ భాగంలో, ఆండీస్ పర్వతాల పడమటి వాలులో, సముద్రమట్టానికి 2,335 మీటర్ల ఎత్తున ఉన్న నగరం. జనసంఖ్యలో రాజధాని లీమా తరువాతి స్థానం దీనిదే. పదిలక్షల పైచిలుకు జనం ఉంటారు. ఊరి వెనక మూడు అగ్నిపర్వతాలు నిలబడి ఉంటాయి. నడుమ ఉన్నది మిస్తి (5,822 మీటర్లు), ఎడమవైపున అంతకన్నా ఎత్తయిన చచాని, కుడివైపున పొడవాటి శిఖరశ్రేణిగా పిచు పిచు. పడమటికి తిరిగితే పసిఫిక్ తీరం దాకా ఎడారి. ఈ ఎడారికీ ఆ కొండలకూ మధ్య చిలి అనే చిన్న నది పారుతుంది. చిలీ దేశానికీ ఈ నదికీ సంబంధం లేదు. ఆ నీటితో పండే పొలాల చుట్టూ నగరం పెరిగింది.

పెరూ యాత్ర అనగానే కుస్కో, మాచు పిచు గుర్తుకు వస్తాయి. అరెకిపాకు మిగిలిన ఒకటో రెండో రోజులు కేటాయించడం యాత్రికులకు అలవాటు. అది ఈ ఊరికి అన్యాయం. ఇక్కడి సంస్కృతిలో చాలా భాగం ఇంకా వాడుకలో ఉంది. రాయి కొట్టేవాళ్ళు చేత్తోనే కొడుతున్నారు, మిరపకాయలు రాతిమీదే నూరుతున్నారు, ఇంకాల కాలానికి ముందే కట్టిన మెట్ల పొలాల్లో ఇప్పటికీ వెల్లుల్లి, ఉల్లి పండిస్తున్నారు. మ్యూజియాలు చూసి వెళ్ళిపోయేవారికి వీటిలో సగం కూడా కనిపించవు.

రాయి, భూకంపం, కట్టడం

అరెకిపాను చూసినవారికి మొదట గుర్తుండేది తెలుపు. నగరం నడిబొడ్డున ఉన్న గుడులు, మఠాలు, భవంతులు, వంపు వసారాలు అన్నీ సియ్యర్ అనే రాతితో కట్టినవి. లక్షల సంవత్సరాల కిందట నిప్పుకొండలు కక్కిన వేడి బూడిద పొరలు పొరలుగా పేరుకుని, గట్టిపడి ఈ రాయి అయింది. తేలికగా ఉంటుంది, చిన్న చిన్న రంధ్రాలతో ఉంటుంది, ఉలికి సులువుగా లొంగుతుంది. ఎక్కువగా తెల్లగా, అక్కడక్కడ లేత గులాబి రంగులో దొరుకుతుంది. నగర శివార్లలోని అన్యాస్వాయ్కో లోయలో దీన్ని తవ్వే గనులు ఉన్నాయి. అక్కడి పనివారు నిలువెత్తు తెల్లగోడను మేకులతో, సుత్తులతో చీల్చి, దిమ్మెలుగా చెక్కుతారు. ఎండ తెల్లరాతి మీద పడి కళ్ళు చెదిరే చోట, గొంతులోకి పోయే ధూళిలో చేసే పని అది. సిమెంటు ఇటుక వచ్చాక రాతికి గిరాకీ తగ్గింది. ఇప్పుడు సందర్శకులు కట్టే రుసుము వాళ్ళకు కొంత ఆసరా. కేథడ్రల్ చూసేవారు ఒక పూట ఈ గనికి కూడా వెళ్ళాలి; ఆ గోడలు ఎవరి చేతుల మీదుగా వచ్చాయో అప్పుడు తెలుస్తుంది.

స్పెయిన్ వారు ఈ నగరాన్ని 1540 ఆగస్టు 15న స్థాపించారు. స్థాపకుడు గార్సి మాన్యుయెల్ దె కార్బహాల్. అంతకు ఎన్నో శతాబ్దాల ముందు నుంచే ఈ లోయలో జనం పొలాలు చేసుకుంటూ ఉన్నారు. కొత్త ఊరికి భూకంపాలు త్వరలోనే ఎదురయ్యాయి. 1582లో వచ్చిన కంపనం ఊరిని నేలమట్టం చేసింది. 1600 ఫిబ్రవరిలో తూర్పున ఉన్న వైనాపుతినా నిప్పుకొండ బద్దలైంది. చరిత్ర నమోదు చేసిన కాలంలో దక్షిణ అమెరికాలో అంత పెద్ద విస్ఫోటనం మరొకటి లేదు. బూడిద అరెకిపా మీద రోజుల తరబడి కురిసి పైకప్పులు కూలాయి, పంటలు పోయాయి. ఆ తరువాత 1784, 1868 సంవత్సరాల్లో మళ్ళీ భారీ భూకంపాలు వచ్చాయి. 2001 జూన్ 23న వచ్చిన దాని తీవ్రత 8.4; కేథడ్రల్ జంట గోపురాల్లో ఒకటి కూలింది. దాన్ని మళ్ళీ కట్టారు.

ఇక్కడి వాస్తు ఈ దెబ్బల నుంచి పుట్టింది. గోడలు మీటరుకు మించిన మందం, కట్టడాలు ఎక్కువ ఎత్తు లేకుండా ఒకటి రెండు అంతస్తులు, కర్రదూలాల బదులు రాతి కమాను కప్పులు, గోడలకు బయటినుంచి దన్నుగా లావాటి రాతి దిమ్మెలు. తేలికైన రాయి కావడంవల్ల ఇదంతా సాధ్యమైంది. ఆ మందపాటి గోడల ముఖాల మీద స్థానిక శిల్పులు చెక్కిన చెక్కడం అరెకిపాకు ప్రత్యేకం. 1698 నాటి ల కొంపాన్యా గుడి ముఖద్వారం ఇందుకు మచ్చుతునక. యూరప్ నుంచి వచ్చిన మెలికల స్తంభాల మధ్యే ఈ నేల పూలు, పళ్ళు, పక్షులు, ముఖాలు ఖాళీ లేకుండా అల్లుకుపోయి ఉంటాయి. పక్కనే ఉన్న సాన్ ఇగ్నాసియో గది లోపలి గోడలూ గుమ్మటమూ అడవి పూలతో, చిలుకలతో నిండిన రంగుల చిత్రాలే. పెరూలో వలసకాలపు చిత్రకళ చూడటానికి ఇంతకన్నా ఆనందాన్నిచ్చే గది నాకు తెలియదు. చిన్నది కావడంతో చాలామంది దాటి వెళ్ళిపోతారు.

ప్రధాన కూడలికి ఉత్తరం వైపు మొత్తాన్ని కేథడ్రల్ ఆక్రమించింది. 1844లో అగ్నిప్రమాదంలో కాలిపోయాక తిరిగి కట్టినది. లోపలి ఆర్గన్ వాద్యం బెల్జియం నుంచి వచ్చింది. ఉపన్యాస పీఠం ఫ్రాన్సులోని లీల్‌లో చెక్కినది. దాని అడుగున తోక ఉన్న సైతాను పీఠాన్ని మోస్తున్నట్టు ఉంటాడు. కూడలికి మిగిలిన మూడు వైపులా రెండంతస్తుల కమాను వసారాలు. యునెస్కో ఈ పాత నగరాన్ని 2000లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

శాంతా కతలీనా మఠం

నగరంలో నగరం ఇది. 1579లో మరియా దె గుస్మాన్ అనే సంపన్న వితంతువు ఆస్తితో మొదలైన ఈ సన్యాసినుల మఠం సుమారు 20,000 చదరపు మీటర్ల నేల మీద ఉంది. ఎత్తయిన ప్రహరీ లోపల సెవిల్యా, తొలేదో, గ్రనాదా అని స్పెయిన్ ఊళ్ళ పేర్లతో వీధులు ఉన్నాయి. ముదురు ఎరుపు, నీలం పూసిన గోడలు, నారింజ చెట్ల వాకిళ్ళు, ఒక్కో సన్యాసినికి వంటగదితో సహా సొంత ఇల్లు. బట్టలు ఉతకడానికి సగానికి కోసిన పెద్ద మట్టి కాగులను కాలువ పక్కన వరుసగా వెల్లకిలా పరిచారు; కాలువ నీటికి చెయ్యి అడ్డం పెడితే నీరు కాగులోకి మళ్ళుతుంది.

ఇక్కడికి కూతుళ్ళను పంపినవి ఎక్కువగా స్పానిష్ సంతతి ధనిక కుటుంబాలు. కట్నం కట్టి చేర్చేవారు. పిల్లతోపాటు పనిమనుషులనూ, కొన్నిసార్లు బానిస స్త్రీలనూ పంపేవారు. 19వ శతాబ్దపు రెండో భాగంలో రోము నుంచి వచ్చిన సంస్కరణతో ఈ సొంత ఇళ్ళ కాపురం ఆగి, అందరికీ ఒకే వంటశాల, ఒకే పడకశాల అయ్యాయి. మఠం తలుపులు సందర్శకులకు తెరుచుకున్నది 1970లో. ఒక మూలన సన్యాసినులు ఇప్పటికీ ఉంటున్నారు. మసి పట్టిన ఆ వంటగదుల్లో కాసేపు నిలబడి చూడటం మంచిది. రంగుల గోడల ఫోటోల్లో వాటి ఊసే ఉండదు; ఆ పొయ్యిల ముందు బతుకు గడిపినవారి పేర్లు ఎక్కడా చెక్కలేదు.

మఠం గురించి బయటి ప్రపంచానికి చెప్పినవారిలో ముఖ్యురాలు ఫ్లోరా త్రిస్తాన్. ఆమె తండ్రి అరెకిపా వాడు, తల్లి ఫ్రెంచివనిత. తండ్రి ఆస్తిలో వాటా కోసం 1833లో ఫ్రాన్సు నుంచి ఇక్కడికి వచ్చింది. పినతండ్రి వాటా ఇవ్వలేదు. ఆ ప్రయాణాన్ని 1838లో పుస్తకంగా ప్రచురించింది. తరువాత కార్మికుల, స్త్రీల హక్కుల కోసం పనిచేసింది.

పికాంతెరియా: అరెకిపా వంటిల్లు

నగరాన్ని తెలుసుకోవడానికి ఒకే ఒక్క చోటికి వెళ్ళాలంటే గుడికి వద్దు, పికాంతెరియాకు వెళ్ళమంటాను. మన పాతకాలపు పూటకూళ్ళమ్మల ఇళ్ళను తలపించే భోజనశాలలివి. నడిపేది పికాంతెరాలు అనే స్త్రీలు, తల్లి నుంచి కూతురికి వస్తుంది. పొడవాటి బల్లలు, బెంచీలు. న్యాయవాదీ మేస్త్రీ ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. మధ్యాహ్నం తెరిచి, చీకటి పడకముందే మూసేస్తారు. రాత్రి భోజనానికి వెళ్ళి తలుపు మూసి ఉంటే నిరాశపడే యాత్రికులు చాలామంది. రోజును దీని చుట్టూ అమర్చుకోవాలి.

ఈ ఇళ్ళు మొదట చిచా అమ్మే చోట్లు. నల్ల మొక్కజొన్నను మొలకెత్తించి, ఎండబెట్టి, దంచితే గిన్యాపో; దాన్ని గంటల తరబడి కాచి, పులియబెడితే ఊదారంగు చిచా అవుతుంది. మత్తు తక్కువ, పులుపు ఎక్కువ. తాగేవారికి నంజుడుగా కారంకారంగా ఏదో ఒకటి పెట్టడం మొదలై, ఆ నంజుళ్ళే ఒక వంట సంప్రదాయమయ్యాయి. చిచా ఇప్పటికీ వంటకాలలో పడుతుంది, పెద్ద గాజు గ్లాసుల్లో బల్ల మీదికీ వస్తుంది.

వంటకు ఆధారం బతాన్. చదునైన పెద్ద రాతి మీద అర్ధచంద్రాకారపు బరువైన రాయిని రెండు చేతులతో అటూ ఇటూ ఊపుతూ నూరుతారు. మిక్సీలో తిప్పిన పచ్చడికీ బతాన్ మీద నూరినదానికీ తేడా నాలుకకు తెలుస్తుందని పికాంతెరాలు ఖచ్చితంగా చెబుతారు, తినిచూసినవారు కాదనరు. ఒకోపా ఇలా నూరినదే. ఎండు పసుపు మిరప, కాల్చిన ఉల్లి, వెల్లుల్లి, వేరుశనగ, జున్ను, బంతి జాతికి చెందిన వాకతాయ్ ఆకు కలిపి నూరి, ఉడికించిన బంగాళాదుంపల మీద పోస్తారు. వాకతాయ్ ఘాటు మొదటిసారి కొత్తగా ఉంటుంది, రెండోసారికి అదే కావాలనిపిస్తుంది.

రొకోతో రెయెనో ఈ ఊరి పేరు మోసిన వంటకం. రొకోతో చూడటానికి చిన్న టమాటాలా గుండ్రంగా ఉండే మిరపకాయ. కండ మందం, గింజలు నల్లగా ఉంటాయి, మొక్కకు ఊదా పూలు పూస్తాయి. మనం పండించే మిరప జాతి వేరు. రొకోతో చల్లటి ఎత్తు ప్రదేశాల్లోనే బాగా కాస్తుంది, గుంటూరు ఎండకు నిలవదు. కారం మాత్రం గుంటూరు నాలుకలకు కూడా తగినంత ఉంటుంది. గింజలూ ఈనెలూ తీసి, నీళ్ళు మార్చి మార్చి ఉడికించి ఘాటు తగ్గిస్తారు. తరువాత తరిగిన గొడ్డుమాంసం, ఉల్లి, వేరుశనగ, ఎండుద్రాక్ష, ఆలివ్ కూరి, పైన జున్ను పెట్టి పొయ్యిలో కాలుస్తారు. పక్కన పొరలు పొరలుగా పేర్చి పాలు, జున్నుతో కాల్చిన బంగాళాదుంప. తెలుగు వంటింటికి ప్రాణమైన మిరప, టమాటా, రాయలసీమ రైతు బతుకైన వేరుశనగ, బంగాళాదుంప అన్నీ అమెరికా ఖండాల నేల నుంచి వచ్చినవే. వాటి పుట్టింటి వైపు వంట ఎలా ఉంటుందో చూడాలన్న కుతూహలం ఒక్కటి చాలు, మనవాళ్ళు ఇక్కడికి రావడానికి.

చుపె అంటే చిక్కటి పులుసు. ఒకప్పుడు వారంలో ఒక్కోరోజుకు ఒక్కో చుపె నియమం. కొన్ని పికాంతెరియాలు నేటికీ దాన్ని తప్పవు. సోమవారం చాకె, మంగళవారం చైరో. చైరోలో ఎండబెట్టిన మాంసంతోపాటు చున్యో పడుతుంది. రాత్రి మంచులో గడ్డకట్టించి, పగలు ఎండలో ఆరబెట్టి, కాళ్ళతో తొక్కి నీరు తీసిన నల్లటి బంగాళాదుంప అది. ఏళ్ళ తరబడి నిలవ ఉంటుంది. వీటన్నిటిలో రాజు చుపె దె కమరోనెస్. ఓకోన్యా, మహెస్, తంబో నదుల్లో దొరికే మంచినీటి రొయ్యలతో పాలు, గుడ్డు, జున్ను, మొక్కజొన్న వేసి చేస్తారు. రొయ్యలు గుడ్లు పెట్టే కాలమని డిసెంబరు చివరి నుంచి మార్చి చివరి దాకా పట్టడం నిషేధం.

ఆదివారం ఉదయం అదోబో. పంది మాంసాన్ని చిచా అడుగు మడ్డిలో, మిరపముద్దలో రాత్రంతా నానబెట్టి, మట్టికుండలో ఉడికించి, తెల్లవారుజామునే మూడు కొసల రొట్టెతో తింటారు. కైమా పేటలో వేకువనే జనం బారులు తీరతారు.

మాంసం తిననివారు కంగారు పడనక్కర్లేదు. ఒకోపా, బంగాళాదుంప పొరల వంటకం ఉన్నాయి; పచ్చి చిక్కుడు గింజలు, మొక్కజొన్న, జున్ను, ఆలివ్, టమాటా, ఉల్లి కలిపిన సొల్తెరో అనే చల్లటి కలగలుపు నిండు భోజనమే. ఆ తరువాత కెసో ఎలాదో. మంచు, ఉప్పు నింపిన తొట్టిలో లోహపు పాత్ర పెట్టి, పాలు, కొబ్బరి, దాల్చినచెక్క, లవంగం చేత్తో తిప్పుతూ గడ్డకట్టించే తీపి ఇది. సాన్ కమిలో బజారులో పళ్ళరసాల వరుస, పదుల రకాల బంగాళాదుంపల గుట్టలు కూడా చూడదగ్గవి.

పికాంతెరియా నడిపేవారు 2012లో ఒక సంఘంగా ఏర్పడ్డారు. 2014లో పెరూ ప్రభుత్వం అరెకిపా పికాంతెరియాను జాతీయ సాంస్కృతిక వారసత్వంగా ప్రకటించింది. యునెస్కో 2019లో ఆహార సంస్కృతి కింద సృజనాత్మక నగరాలను ఎంచుకున్నప్పుడు ఆ ఏటి జాబితాలో అరెకిపా ఉంది, హైదరాబాదూ ఉంది. రెండు ఊళ్ళవారూ ఈ పొత్తును ఇంకా పెద్దగా పట్టించుకున్నట్టు లేదు.

కవులు, నక్షత్రాలు

అరెకిపా జనానికి తమ ఊరి మీద అభిమానం ఎక్కువ. లీమా పెత్తనాన్ని సహించకపోవడం 19వ శతాబ్దపు తిరుగుబాట్ల నుంచి, 2002లో విద్యుత్ సంస్థల ప్రైవేటీకరణను అడ్డుకున్న ఆందోళన దాకా కనిపిస్తుంది. యరవి అనే విషాద ప్రేమగీతానికి ఈ ఊరు పుట్టినిల్లు వంటిది. ఆ పాటకు సాహిత్య గౌరవం తెచ్చిన మరియానో మెల్గార్ ఇక్కడివాడే. స్పెయిన్ మీద తిరుగుబాటులో చేరి, ఓడి, 1815 మార్చిలో ఉమచిరి దగ్గర కాల్పులకు గురై 24 ఏళ్ళకే మరణించాడు. 2010లో నోబెల్ అందుకున్న నవలాకారుడు మారియో వర్గాస్ యోసా 1936లో ఇక్కడ పుట్టాడు. ఏడాది పిల్లవాడిగానే ఊరు విడిచినా, తన సొంత గ్రంథాలయాన్ని అరెకిపాకే ఇచ్చాడు. 2025 ఏప్రిల్‌లో కన్నుమూశాడు.

ఎక్కువమందికి తెలియని సంగతి ఒకటి. ఇక్కడి పొడి, నిర్మలమైన ఆకాశాన్ని చూసి హార్వర్డ్ విశ్వవిద్యాలయం 1890 ప్రాంతంలో ఇక్కడ బోయ్డెన్ వేధశాలను నెలకొల్పింది. ఇక్కడ తీసిన గాజు పలకల చిత్రాల్లో 1899లో శనిగ్రహపు ఉపగ్రహం ఫీబీ బయటపడింది. ఫోటో ద్వారా కనుగొన్న మొదటి ఉపగ్రహం అదే. చిన్న మాగెలన్ మేఘపు చిత్రాలు కూడా ఇక్కడివే. వాటిని అమెరికాలో కూర్చుని పరిశీలించిన హెన్రియెట్టా లెవిట్ 1912లో, కాంతి హెచ్చుతగ్గుల కాలాన్నిబట్టి నక్షత్రపు అసలు వెలుగును లెక్కగట్టే సూత్రాన్ని ప్రకటించింది. గెలాక్సీల దూరాలు కొలవడం ఆ సూత్రంతోనే సాధ్యమైంది. 1927లో వేధశాలను దక్షిణాఫ్రికాకు తరలించారు.

కొండలు, కోల్కా లోయ

1995లో మానవశాస్త్రవేత్త యోహాన్ రైన్‌హార్డ్, స్థానిక పర్వతారోహకుడు మిగెల్ సరాతె అంపాతో శిఖరం (6,288 మీటర్లు) దగ్గర ఒక బాలిక దేహాన్ని కనుగొన్నారు. పక్కనున్న సబంకాయా నిప్పుకొండ చిమ్మిన బూడిదకు అంపాతో మంచు కరిగి, సమాధి జారి బయటపడింది. 15వ శతాబ్దంలో ఇంకాలు కొండదేవతకు బలి ఇచ్చిన ఆ పిల్లకు పన్నెండు నుంచి పదిహేనేళ్ళు ఉంటాయి. తలమీద దెబ్బతో చనిపోయిందని పరీక్షలు తేల్చాయి. హువానితా అని పిలిచే ఆ దేహాన్ని శాంతా మరియా కాథలిక్ విశ్వవిద్యాలయపు మ్యూజియంలో గడ్డకట్టే చలిలో ఉంచుతారు. ఏటా మొదటి నెలల్లో ఆమెకు విశ్రాంతినిచ్చి, ఆ స్థానంలో మరో కొండ మీద దొరికిన దేహాన్ని ఉంచడం ఆనవాయితీ. ఆమె కట్టుకున్న బట్టల నేత, రంగులు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. అది చూడవలసిన వస్తువు కాదు, ఒక పిల్ల. గొంతు తగ్గించి చూడాలి.

కోల్కా లోయకు అరెకిపా నుంచి మూడు నాలుగు గంటల ప్రయాణం. దారిలో సలీనాస్, అగ్వాదా బ్లాంకా అభయారణ్యంలో వికున్యా అనే జంతువుల మందలు మేస్తుంటాయి. 4,900 మీటర్లకు పైబడిన పతపంపా కనుమ దాటి చివాయ్ ఊరిలోకి దిగుతారు. కొన్నిచోట్ల లోయ లోతు 3,000 మీటర్లు మించుతుంది. 1981లో పోలండ్ యువకుల బృందం పడవల మీద కోల్కా నది వెంబడి సాగాక ఈ లోయ పేరు లోకానికి పాకింది. ఉదయం ఎండకు గాలి వేడెక్కి పైకి లేచే వేళ, క్రుస్ దెల్ కోందోర్ దగ్గర మూడు మీటర్ల రెక్కల కోందోర్ రాబందులు రెక్క ఆడించకుండా లోయలోంచి తేలివస్తాయి. అయితే కోల్కాలో అసలు అద్భుతం ఆ అగాధం కన్నా దాని పైభాగంలో కొండవాలంతా పరుచుకున్న మెట్ల పొలాలని నా అభిప్రాయం. కొయ్యావా, కబానా జాతుల పూర్వీకులు కట్టినవి, నేటికీ సాగులో ఉన్నవి. ఈ రెండు జాతుల స్త్రీలను వారి టోపీలనుబట్టి వేరుగా గుర్తుపట్టవచ్చు. ఇక్కడి వితితి నృత్యాన్ని యునెస్కో 2015లో గుర్తించింది.

పొలాలు, ప్రయాణ కాలం

నగరం అంచుల్లోని పచ్చని పొలాలను కంపిన్యా అంటారు. యుమీనా, పౌకర్పతా, సబందియా వైపు వెళితే మెట్ల పొలాలు, కాలువలు, సబందియాలో 1621 నాటి నీటి మర కనిపిస్తాయి. కొండ ప్రాంతాల నుంచి పని కోసం వచ్చిన కుటుంబాలతో, ఇళ్ళ స్థలాల వ్యాపారంతో ఊరు పెరుగుతున్నకొద్దీ కంపిన్యా తగ్గుతూ వస్తోంది. వచ్చినవాళ్ళకు ఇళ్ళు కావాలి, అందులో తప్పు లేదు. ఐతే సాగునీరందే పొలాన్ని కాంక్రీటు కింద వేస్తే ఈ ఎడారిలో దానికి ప్రత్యామ్నాయం దొరకదు. పికాంతెరియా బల్ల మీది చిక్కుడు, మొక్కజొన్న ఈ పొలాలవే.

లీమా నుంచి విమానంలో గంటన్నర, బస్సులో పదిహేను గంటలకు పైనే. ఎండ ఏడాదిలో ఎక్కువ రోజులు ఉంటుంది. వాన జనవరి నుంచి మార్చి వరకు, అదీ తక్కువే. కొండలు మబ్బుచాటుకు పోయేది, హువానితా కనిపించనిది, నది రొయ్యలు దొరకనిది ఆ నెలల్లోనే కాబట్టి ఏప్రిల్ నుంచి నవంబరు దాకా రావడం మేలు. ఆగస్టు 15 ముందువెనకల నగర ఉత్సవాలు జరుగుతాయి. గదులు ముందే చూసుకోవాలి. కుస్కో 3,400 మీటర్ల ఎత్తున ఉంది కనుక, ముందు అరెకిపాలో రెండు మూడు రోజులు ఉంటే శరీరం పలచటి గాలికి అలవాటు పడుతుంది. పతపంపా ఎక్కే రోజు తక్కువ తిని, నీళ్ళు ఎక్కువ తాగాలి. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవారు వైద్యుణ్ణి అడిగి బయలుదేరాలి. తలనొప్పికి స్థానికులు కోకా ఆకు కషాయం ఇస్తారు. పెరూలో అది చట్టబద్ధం, ఆకులను భారతదేశానికి తీసుకురావడం నేరం.